ముందు ఇంకు ఏదో చూడండి, తర్వాతే పూత

క్యాన్వాస్ ప్రింట్లకు వేసే క్లియర్ కోటింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెళ్లి ఫొటో అయినా, అమ్మవారి పటమైనా ఇప్పుడు క్యాన్వాస్ మీదే కావాలంటున్నారు. ప్రింటు బాగానే వస్తోంది. దానిమీద కాపుదలకు వేసే పారదర్శకమైన పూత (దీన్నే క్లియర్ అంటారు) దగ్గరే పని చెడుతోందని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో ఎనిమిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ముహూర్తం ఫొటో 24×36 అంగుళాల క్యాన్వాస్ మీద తీయించాం. నీళ్లతో తయారైన అక్రిలిక్ క్లియర్‌ను రోలర్‌తో వేస్తుంటే మధుపర్కం అంచులోని ఎరుపు తెల్ల చీరలోకి పాకింది. ఇంతకుముందు అదే డబ్బా, అదే రోలర్‌తో వేసిన ప్రింట్లు చక్కగా వచ్చాయి. లోపం ఎక్కడ?
(ఫొటో స్టూడియో, గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: లోపం డబ్బాలోనూ లేదు, రోలర్‌లోనూ లేదు. ఈ ఒక్క ప్రింటూ డై ఇంకుతో తీసింది అయి ఉంటుంది. డై ఇంకులో రంగు నీళ్లలో కరిగి ఉంటుంది. ఆరిపోయినట్టు కనిపించినా, తడి తగిలితే మళ్లీ కదులుతుంది. నీళ్ల క్లియర్‌లో సగానికి పైగా ఉండేది నీళ్లే కాబట్టి, దాన్ని రోలర్‌తో రుద్దితే ముందు కదిలేది ఎరుపు, నలుపు లాంటి చిక్కటి రంగులే. పిగ్మెంట్ ఇంకు అలా కాదు. అందులో రంగు సన్నటి రేణువులుగా ఉంటుంది, నీళ్లకు కరగదు. మీ పాత ప్రింట్లు పిగ్మెంట్ మెషీన్ మీద వచ్చి ఉంటాయి. ఇళ్లలో వాడే ఇంకు ట్యాంకు ప్రింటర్లలో రంగులు చాలావరకు డై ఇంకులే. క్యాన్వాస్ ప్రింట్లకు వాడే పెద్ద మెషీన్లలో పిగ్మెంట్‌తో పాటు ఎకో సాల్వెంట్ (నీళ్లకు బదులు సాల్వెంట్ అనే ఆవిరయ్యే ద్రావకం కలిపింది), లేటెక్స్ (మెషీన్ వేడికి ఆరేది), యూవీ (అతినీలలోహిత వెలుగుకు గట్టిపడేది) ఇంకులు కూడా ఉన్నాయి. అందుకే ప్రింటు తీసుకునేటప్పుడే ఇంకు ఏదని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

అడిగినా అనుమానం తీరకపోతే పరీక్ష రెండు నిమిషాల పని. ప్రతి ప్రింటు పక్కనా రెండంగుళాల పట్టీలో నలుపు, ఎరుపు, నీలం గళ్లు కూడా వేయించండి. చెవిలో పెట్టే దూదిపుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, ఎరుపు గడి మీద పది సెకన్లు ఆనించి, మెల్లగా పదిసార్లు రుద్దండి. దూది తెల్లగా ఉంటే ఇంకో పుల్లను మీ క్లియర్‌లోనే ముంచి మళ్లీ అలాగే చేయండి. రెండోదీ తెల్లగా వస్తేనే ప్రింటు మీద రోలర్ పెట్టండి. దూదికి లేత గులాబీ రంగు అంటినా ఆగిపోవాలి. అది డై ఇంకన్నా కావాలి, పూర్తిగా ఆరని ప్రింటన్నా కావాలి.

ఇక ఆరే సమయం. పిగ్మెంట్ ప్రింటుకు ఒక రోజు ఇవ్వండి. ఎకో సాల్వెంట్ ప్రింటును చుట్ట చుట్టకుండా పరిచి 24 నుంచి 48 గంటలు వదలాలి. ముక్కు దగ్గర పెడితే ఇంకా ఘాటు వాసన వస్తోందంటే సాల్వెంట్ బయటికి పోలేదన్నమాట. దాని మీద పూత వేస్తే పొర మెత్తగా, జిగటగా మిగిలి, తర్వాత తొక్కలా ఊడుతుంది. లేటెక్స్, యూవీ ప్రింట్లు మెషీన్‌లోంచే ఆరి వస్తాయి. యూవీ ఇంకు నున్నగా ఉండటంతో కొన్ని క్లియర్లు దానికి పట్టవు. పట్టీ మీద పూత వేసి, మర్నాడు బ్లేడుతో గళ్లు గీసి, సెల్లోటేపు గట్టిగా అంటించి లాగి చూడండి. టేపుతో పొర లేస్తే ఆ క్లియర్ ఆ ప్రింటుకు పనికిరాదు.

డై ప్రింటుకే పూత వేయక తప్పదంటే సాల్వెంట్ అక్రిలిక్ స్ప్రే డబ్బా వాడండి. అడుగు దూరం నుంచి మూడు నాలుగు పల్చటి కోట్లు వేయాలి. మొదటిది మంచు పడినట్టు ఉంటే చాలు. కానీ మా మాట వింటే దాన్ని పిగ్మెంట్‌లో మళ్లీ తీయించండి. పూతలోని యూవీ నిరోధకం అతినీలలోహిత కిరణాలను తగ్గిస్తుందంతే. మామూలు వెలుతురుకు డై వెలిసిపోవడాన్ని ఆపలేదు. పాకిన ఎరుపును వెనక్కి తీసే దారి మాత్రం లేదు.

ప్రశ్న: రోలర్‌తో వేస్తే చారలు, బుడగలు వస్తున్నాయి. ఎంత పోయాలో, ఎలా తిప్పాలో మొదటినుంచీ చెప్పండి.
(ఫ్రేముల షాపు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ముందు లెక్క చూద్దాం. 24×36 ఫొటోకు ఫ్రేము మీద మడిచే అంచు కలిపితే 28×40 అంగుళాలు, అంటే సుమారు 0.72 చదరపు మీటరు. తడి పూత మిల్లీమీటరులో పదోవంతు మందం ఉండాలంటే ఒక్కో కోటుకు 72 మి.లీ. కావాలి. రోలర్, ట్రే తాగేది కూడా కలిపి మొదటి కోటుకు 100 మి.లీ. తీసుకోండి. రెండో కోటుకు రోలర్ అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి 80 చాలు. నీళ్లు కలపవచ్చని డబ్బా మీద ఉంటేనే కలపండి, అప్పుడు కూడా నూటికి పది దాటవద్దు. బోరు నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు పూతలో ఉండిపోతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది.

బుడగలు సగం డబ్బాలోనే పుడతాయి. సాస్ సీసా ఊపినట్టు డబ్బాను ఊపకండి. చెక్కపుల్లతో అడుగునుంచి మెల్లగా రెండు నిమిషాలు కలిపి, నైలాన్ గుడ్డలో వడగట్టి, అరగంట అలా ఉంచండి. నాలుగంగుళాల సన్న రంధ్రాల ఫోమ్ రోలర్ తీసుకోండి. కొత్తదైతే మాస్కింగ్ టేపు చుట్టి లాగితే ఊడిపోయే పోగులన్నీ టేపుతో వస్తాయి. తర్వాత దాన్ని నీళ్లలో తడిపి గట్టిగా పిండాలి. పొడి రోలర్‌లో ఉన్న గాలే క్యాన్వాస్ మీద బుడగలుగా తేలుతుంది.

క్యాన్వాస్‌ను ఫ్రేముకు బిగించకముందే, చదునైన ప్లైవుడ్ మీద పరిచి, అంచుల్లో పిన్నులు కొట్టండి. బిగించాక రోలర్ నొక్కితే వెనక చెక్క అంచు గీతలా పడుతుంది. ఆ గీత ఇక పోదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఫ్యాను ఆపేయండి. క్లియర్‌ను పొడుగు వైపు ఒక గీతలా పోసి, మొదట అడ్డంగా గబగబా పరిచేయండి, తర్వాత నిలువుగా తిప్పండి. నేత గుంటల్లోకి దిగడానికి ఈ రెండో తిప్పుడు కావాలి. చివరగా రోలర్ బరువు తప్ప చేతి బరువు వేయకుండా, ఒకే దిక్కుకు, ఒక్కో వరుస సగం కలిసేలా లాగండి. ఈ సైజుకు మొత్తం మూడు నిమిషాల్లో అయిపోవాలి.

ఎక్కడ ఆపాలో చెవి చెబుతుంది. తడి పూత మీద రోలర్ చప్పుడు లేకుండా జారుతుంది. పూత బిగుసుకోవడం మొదలైతే చిటచిటమని సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఇంకొక్కసారి కూడా తిప్పవద్దు. ఎక్కడో చిన్న ఖాళీ కనబడిందని మళ్లీ వెళ్లడం వల్లే మీకు చారలు వస్తున్నాయి. ఆ ఖాళీని రెండో కోటు కప్పుతుంది.

పూత వేసిన వెంటనే ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. తెల్లటి పాలలా ఉన్నచోట పూత మందంగా ఉంది, మెరుపు లేనిచోట పడలేదు. అక్కడక్కడా బుడగలు ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే పగులుతాయి. వేలితో ముట్టుకోకండి. రెండో కోటు మామూలు రోజుల్లో రెండు గంటల తర్వాత, మొదటి కోటుకు అడ్డ దిక్కులో వేయాలి. ట్రేలో మిగిలింది డబ్బాలో తిరిగి పోయకండి. అందులోని ఎండు తునకలు వచ్చే పనిలో గింజల్లా తేలతాయి. రోలర్‌ను అప్పటికప్పుడే కడిగేయాలి.

ప్రశ్న: మా తమ్ముడికి ఆటోనగర్‌లో కార్ల పెయింటింగ్ షెడ్డు ఉంది. కారుకు కొట్టే క్లియర్‌నే క్యాన్వాస్ మీద స్ప్రే చేస్తే అద్దంలా మెరుస్తుందంటున్నాడు. చేయించవచ్చా?
(విజయవాడ)

జవాబు: మెరుపు మాట నిజమే, అయినా చేయించవద్దు. కారు క్లియర్ రెండు డబ్బాల సరుకు, హార్డెనర్ కలిపితే గట్టిపడేది. రేకు మీద ఆ గట్టిదనం మంచిదే. క్యాన్వాస్ మాత్రం గుడ్డ. వానకు సాగుతుంది, ఎండకు బిగుస్తుంది, ఫ్రేము మూలలో మడత పడుతుంది. గట్టి పొర ఆ మడత దగ్గర పగులుతుంది. పైగా దానిలోని థిన్నర్ ఎకో సాల్వెంట్ ఇంకును కరిగిస్తుంది. ఒకసారి గట్టిపడితే దాన్ని తీసేసి మళ్లీ వేసే వీలూ లేదు. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే అది ఆగదు. ఈ సంగతి మీ తమ్ముడికి కార్ల పని విషయంలో కూడా చెప్పండి.

క్లియర్ వద్దన్నాం గానీ మీ తమ్ముడి గన్, కంప్రెషర్, అన్నిటికంటే ముఖ్యంగా ఆయన చెయ్యి బంగారంలా పనికొస్తాయి. గన్‌ను బాగా కడిగి నీళ్ల క్లియర్ పోయండి. 1.3 నుంచి 1.5 మి.మీ. నాజిల్, గన్ దగ్గర 25 నుంచి 30 పీఎస్ఐ గాలి, ఎనిమిది నుంచి పది అంగుళాల దూరం ఉండాలి. ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పాలి, గన్ అంచు దాటాకే ట్రిగర్ వదలాలి. అడ్డంగా ఒక కోటు, ఆరాక నిలువుగా ఒకటి. గాలిలోకి కొంత పోతుంది కాబట్టి పైన చెప్పిన సైజుకు కోటుకు 110 మి.లీ. దాకా పడుతుంది. కంప్రెషర్‌కు తేమ ఫిల్టర్ తప్పనిసరి. నీటిబొట్టో, నూనెబొట్టో గాలితో వస్తే పూత అక్కడినుంచి పక్కకు జరిగి చేపకన్నులా గుంట పడుతుంది. కార్లకు వాడే సిలికాన్ పాలిష్ ఆ షెడ్డు గాల్లో, బల్లల మీద ఉన్నా ఇదే గొడవ. అందుకే ఈ పనికి వేరే గది చూడండి. నీళ్ల క్లియర్ అయినా తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

ప్రశ్న: ఆగస్టులో వేసిన పూత మూడు రోజులైనా తెల్లగా, మబ్బు పట్టినట్టే ఉంది. ఎండాకాలంలో వేసిందేమో చేత్తో తడిమితే ఇసుక కాగితంలా ఉంది. అసలు మన ఊళ్లో ఎప్పుడు వేయాలి?
(పటమట, విజయవాడ)

జవాబు: రెండూ వాతావరణం చేసిన పనులే. నీళ్ల క్లియర్ తడిగా ఉన్నప్పుడు పాలలా కనిపించడం సహజం. లోపలి నీళ్లు పోయేకొద్దీ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి పొర తేటపడుతుంది. ముసురు పట్టినప్పుడు గాలి నిండా తేమే కాబట్టి నీళ్లు బయటికి పోవు. పైగా మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపలి తడి బందీ అవుతుంది. స్ప్రే డబ్బాల్లోని సాల్వెంట్ క్లియర్ కూడా వానాకాలంలో తెల్లబడుతుంది, కానీ కారణం వేరు. సాల్వెంట్ వేగంగా ఎగిరిపోతూ పొరను చల్లబరుస్తుంది. చల్లని గ్లాసు బయట చెమ్మ పట్టినట్టు గాలిలోని తేమ దానిమీద చేరుతుంది.

మీ ప్రింటును ఏసీ గదిలో, డ్రై మోడ్‌లో రెండు రోజులు ఉంచి చూడండి. పల్చటి పూత అయితే తేటపడుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే తక్కువ వేడి మీద, అడుగు దూరంనుంచి, ఒకేచోట నిలపకుండా తిప్పాలి. సాల్వెంట్ స్ప్రే వల్ల వచ్చిన తెలుపయితే పొడి రోజున ఇంకో పల్చటి కోటు కొడితే పాత పొర కరిగి సర్దుకుంటుంది.

ఇసుక కాగితంలా ఉన్నది ఎండ దెబ్బ. మే మధ్యాహ్నం వేడికి తుంపర క్యాన్వాస్‌ను చేరేలోపే గాల్లో ఆరి, పొడిలా రాలుతుంది. గన్ దూరంగా పట్టుకున్నా ఇలాగే అవుతుంది. దాని మీద రోలర్‌తో ఒక తడి కోటు వేస్తే చాలావరకు నున్నబడుతుంది.

గోడకు ఒక తేమ మీటరు తగిలించుకోండి. తేమ 40 నుంచి 60 శాతం, వేడి 20 నుంచి 30 డిగ్రీలు ఉంటే హాయిగా వేయవచ్చు. 70 దాటితే ఆ రోజు వేరే పని చూసుకోండి. ఎండాకాలంలో ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపల, వానాకాలంలో తెరిపి ఇచ్చిన రోజు పదకొండు నుంచి మూడు లోపల మంచిది. వానాకాలంలో సాయంత్రం దీపాలు వేసుకుని మాత్రం వేయకండి. ఉసిళ్లు వచ్చి తడి పూత మీద వాలతాయి. వాలితే తడి మీద తీయబోకండి. పూర్తిగా ఆరాక పట్టకారుతో లేపి, ఆ చోట పల్చగా అద్దండి.

ప్రశ్న: అమరావతి శిల్పాల ఫొటోలు క్యాన్వాస్ మీద వేయిస్తున్నాను. గ్లాసీ (మెరిసే) క్లియర్ వేస్తే రాయి ప్లాస్టిక్‌లా కనబడుతోంది, మ్యాట్ (మెరుపు లేనిది) వేస్తే నీడలు బూడిద రంగులోకి మారుతున్నాయి.
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీ కన్ను సరిగ్గానే చూసింది. మ్యాట్ క్లియర్‌లో సన్నటి సిలికా పొడి కలుపుతారు. వెలుతురును అది నలువైపులా చెదరగొడుతుంది కాబట్టి నలుపు లోతు తగ్గుతుంది. రెండు మూడు కోట్లూ మ్యాట్ వేస్తే ఆ బూడిద పెరుగుతూ పోతుంది. ముందు రెండు కోట్లు గ్లాసీ వేయండి, నీడలకు లోతు వస్తుంది. చివర ఒక్క పల్చటి కోటు మ్యాట్ వేయండి, మెరుపు చస్తుంది. రెండూ ఒకే కంపెనీవి కావాలి. పల్నాటి సున్నపురాయి లేత రంగుకు ఇది బాగా నప్పుతుంది. మ్యాట్ డబ్బాలో సిలికా అడుక్కి దిగుతుంది, పని మధ్యలో కూడా పావుగంటకోసారి అడుగునుంచి కలపండి. కలపకపోతే మొదటి ప్రింటు మెరుస్తూ, చివరిది సున్నం కొట్టినట్టు వస్తాయి.

ప్రశ్న: ఇంట్లో తలుపులకు వేసిన వార్నిష్ మిగిలింది. క్యాన్వాస్‌కు వాడవచ్చా?
(గుంటూరు)

జవాబు: వద్దు. నూనె వార్నిష్‌లు, చాలా చెక్క పాలిష్‌లు ఏళ్ల మీద పచ్చబడతాయి. టేకు మీద ఆ పసుపు అందం, తెల్లచొక్కా మీద మరక.

ప్రశ్న: ఫ్రేముకు బిగిస్తుంటే మూలల్లో ఇంకు పగిలి తెల్ల గీతలు వస్తున్నాయి. పైగా మే నెలలో పార్శిల్ పంపిన నాలుగు క్యాన్వాస్‌లు ఒకదానికొకటి అంటుకుపోయాయి.
(లబ్బీపేట, విజయవాడ)

జవాబు: క్యాన్వాస్ గుడ్డ మీద ఇంకును పట్టుకునే తెల్లటి పొర ఒకటి ఉంటుంది. పగిలేది అదే. పూత దాన్ని మెత్తగా కట్టి ఉంచుతుంది కాబట్టి, ఫొటో వరకే కాక మడిచే అంచులకూ రెండు కోట్లు వేయాలి. చాలామంది వదిలేసేది అక్కడే. పూత వేశాక కనీసం 24 గంటలు ఆగి బిగించండి. ప్లయర్‌తో ఒక్కసారిగా లాగకుండా, ఎదురెదురు వైపుల మధ్యనుంచి పిన్నులు కొట్టుకుంటూ మూలలకు రండి. వచ్చిన తెల్ల గీతలను అదే రంగు పిగ్మెంట్ పెన్నుతో అద్దితే కనబడవు.

అంటుకోవడానికి కారణం అక్రిలిక్ వేడికి మెత్తబడటం. ఎండలో లారీ లోపల అది మెత్తబడితే, పైనున్న క్యాన్వాస్ బరువుకు అతుక్కుంటుంది. ఆరినట్టు కనబడినా పూర్తిగా గట్టిపడటానికి వారం పైనే పడుతుంది. తొందరైనా మూడు రోజుల లోపు ప్యాక్ చేయవద్దు. మధ్యలో సిలికాన్ పూత ఉన్న కాగితం పెట్టండి. వినైల్ స్టిక్కర్ ఒలిచాక మిగిలే వెనక కాగితం సరిగ్గా అదే, ఫ్లెక్స్ షాపుల్లో దొరుకుతుంది. బబుల్ ర్యాప్‌ను బొమ్మకు నేరుగా తాకించకండి, గుండ్రటి అచ్చులు పడతాయి. ఫ్రేములను నిలబెట్టి సర్దండి. చుట్టి పంపేదైతే బొమ్మ బయటికి ఉండేలా, నాలుగంగుళాలకు తక్కువ లేని గొట్టం మీద చుట్టండి.

ప్రశ్న: పూజగదిలో కనకదుర్గమ్మ వారి క్యాన్వాస్ పటం పెట్టాం. దీపం, హారతి మసి పట్టింది. ఎలా తుడవాలి? బొట్టు పెట్టవచ్చా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ముందు ఆ పటం తడికి తట్టుకుంటుందో లేదో చూడాలి. మడత అంచు మీద తడి దూదిపుల్లతో పరీక్షించండి. రంగు అంటితే ఇక తడి తగలనివ్వకుండా మెత్తటి బ్రష్‌తో దులపడం వరకే చేయండి. అంటకపోతే ముందు పొడి బ్రష్‌తో మసిని పైనుంచి కిందికి దులపండి. కర్పూరం మసి జిడ్డుగా ఉంటుంది, పొడిగుడ్డతో రుద్దితే నేత గుంటల్లోకి దిగిపోతుంది. గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం వేసి, పాత నూలుగుడ్డను ముంచి గట్టిగా పిండి, ఒత్తకుండా తుడవండి. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి. అద్దాలు తుడిచే ద్రవం, స్పిరిట్ వాడవద్దు, అవి అక్రిలిక్‌ను మెత్తబరుస్తాయి.

బొట్టు నేరుగా పెట్టకండి. పసుపు, కుంకుమ, నూనె పూతలోకి ఇంకితే మరక పోదు. ఫ్రేము అడుగున చిన్న అద్దం ముక్క అతికించి దానికి పెట్టుకోండి. దీపం పటానికి కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి, సరిగ్గా కింద ఉండకూడదు. గోడ చెమ్మకు వెనక గుడ్డ బూజు పడుతుంది, అటువైపు పూత ఉండదు కదా. ఫ్రేము నాలుగు మూలలా సెంటీమీటరు మందం రబ్బరు బొడిపెలు అతికిస్తే గాలి ఆడుతుంది. మళ్లీ పూత వేయించాలనుకుంటే పటాన్ని పూజగదిలోంచి బయటికి తెచ్చి, మసి పూర్తిగా తీశాకే వేయించండి. స్ప్రే డబ్బా అయితే దీపం, పొయ్యి వెలుగుతున్న చోట అసలే వద్దు.